మాట అందించే సేడీ

సేడీ ఫారెన్‌కు పాడటం రాదు. ఈ సంగతి బాలీగోర్మ్ ఊళ్ళో అందరికీ తెలుసు. అందరికంటె ముందు ఆమెకు తెలుసు. అయినా నెలకొక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మెక్‌డెయిడ్ పబ్బు వెనక గదిలో పాటగాళ్ళు చేరినప్పుడు, పొయ్యికి ఎడమ పక్కనున్న కుర్చీ ఆమెదే. ఆ కుర్చీలో మరొకరు కూర్చోవడం ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారే జరిగింది. డబ్లిన్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన తెలియక కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయన లేచేదాకా అందరూ నిలబడే ఉన్నారు.

ఆమె పని గదిని మాట్లాడకుండా చూడటం, మాట మరిచిన పాటగాడికి మాట అందించడం. మొదటిదానికి ఆమె వాడేది రెండే ముక్కలు: "ఒక్క గొంతు." గట్టిగా అనదు. గ్లాసులు చప్పుడవుతున్నా, తలుపు దగ్గర గొర్రెల ధరల మీద వాదన జరుగుతున్నా, ఆ రెండు ముక్కలూ అనేసి పొయ్యి వైపు చూస్తూ కూర్చుంటుంది. వాదించేవాళ్ళకు తామెందుకు ఆగారో తెలియదు గాని ఆగిపోతారు.

రెండో పని కష్టం. పాడుతున్న మనిషి మాట మరిచిపోయాడా, లేక ఊపిరి కోసం ఆగాడా అన్నది ముందు తేల్చుకోవాలి. తొందరపడి అందిస్తే అవమానం. ఆలస్యమైతే పాట మునుగుతుంది. అందుకే సేడీ పాటను చెవులతో వినేది సగమే, మిగతా సగం మనుషులను చూస్తుంది. ప్యాకీ టోలండ్‌కు మాట జారబోతుంటే బొటనవేలు మోకాలి మీద రుద్దుకుంటాడు. బార్నీ గిలెన్ పైకప్పు వైపు చూస్తాడు. అప్పుడు ఆమె ఒక్క మాట, తర్వాతి పంక్తిలోని మొదటి మాట మాత్రమే, పెదవుల మీద పెట్టి చూపిస్తుంది. గొంతు కలపదు. పాడేవాడికి తప్ప పక్కవాడికి కూడా తెలియదు. బయటి ఊళ్ళవాళ్ళు ఈ గదికొచ్చి, ఇక్కడ ఎవరూ మాట మరిచిపోరే అని ఆశ్చర్యపోయి వెళ్ళేవారు. ఆ ఆశ్చర్యమే ఆమెకు బిరుదు.

ఈ విద్య ఆమెకు అబ్బిన తీరు చిత్రమైంది. ఎనిమిదేళ్ళప్పుడు, బిషప్పు వస్తున్నాడని బడిలో పిల్లలకు పాటలు నేర్పుతూ, సిస్టర్ ఒకామె వరుసల మధ్య నడుస్తూ వచ్చి సేడీ దగ్గర ఆగింది. చెవి దగ్గరపెట్టి విన్నది. "నువ్వు పెదవులు కదుపు చాలు, తల్లీ. శబ్దం మాత్రం వద్దు," అంది. సేడీ అలాగే కదిపింది. బిషప్పు ముందు వరుసలో ఉన్న ఆ పిల్లను చూసి, ఎంత స్పష్టంగా పాడుతోందో అని మెచ్చుకుని వెళ్ళాడట. సేడీ ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ నెలంతా పెదవులు ఊరికే కదుపుతూ తిరిగింది, మాట ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని.

పదిహేనో ఏట చొక్కాల ఫ్యాక్టరీలో చేరింది. కాలర్లు కుట్టే గదిలో అరవై మంది ఆడపిల్లలు, అరవై మిషన్లు. ఆ హోరులో అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ పెదవులతో మాట్లాడుకునేవారు. గదికి ఈ చివర నుంచి ఆ చివరకు, సూపర్‌వైజర్ వీపు వెనక, ఎవరి పెళ్ళి కుదిరింది, ఎవరిది చెడింది, అన్నీ. ఆదివారం రేడియోలో ఆ వారం హిట్టు పాటలొచ్చేవి. డాన్సు హాళ్ళలో షోబ్యాండ్లు వాయించే కొత్త పాట ఒకసారి వింటే మొత్తం పట్టుబడదు కదా. కాబట్టి పిల్లలు పంచుకునేవారు: మొదటి చరణం కిట్టీది, రెండోది మేజీది, మూడోది సేడీది. సోమవారం పొద్దున్న మిషన్ల మధ్య ముక్కలు కలిపితే పాట తయారు. బుధవారానికల్లా అరవై మందీ పాడేవారు. శుక్రవారం డాన్సు హాల్లో షోబ్యాండు పాటగాడు తడబడితే, కింద నుంచి కాలర్ల గది మొత్తం మాట అందించేది.

ఆరు నెలల్లో పంచుకోవడం ఆగిపోయింది. మూడు చరణాలూ సేడీ ఒక్కతే తేవడం మొదలుపెట్టింది. "నీ బుర్రలో జేబులు కుట్టించుకున్నావా ఏమే?" అనేది కిట్టీ.

ఆ డాన్సు హాల్లోనే కాన్ ఫారెన్ పరిచయమయ్యాడు. పీతల వలలు వేసే పడవ అతనిది. మంచి గొంతు, మతిమరుపు బుర్ర. పెళ్ళి విందులో అతను పాడిన పాటకు సేడీ మూడుసార్లు మాట అందించింది. అంతకుముందు చర్చిలో ప్రమాణం చేసేటప్పుడు ఒకసారి అందించిన సంగతి ఫాదరుకు కూడా తెలియదు. అతను పోయి తొమ్మిదేళ్ళయింది.

ఇప్పుడామెకు డెబ్బై రెండేళ్ళు. బుర్రలో ఆరువందల పాటల దాకా ఉన్నాయి. మునిగిన పడవల పాటలు, గుర్రప్పందాల పాటలు, ఉరికంబం ఎక్కినవాళ్ళ పాటలు, ఒక్క వేసవి మాత్రమే బతికిన హిట్టు పాటలు, జున్ను కంపెనీ ప్రకటన పాటతో సహా. నోటుపుస్తకం లేదు. రాసిపెట్టమని ఎవరైనా అంటే, "రాస్తే బుర్ర బద్ధకిస్తుంది," అని కొట్టిపారేసేది.

కిందటి నవంబరు ఆదివారందాకా అంతే.

ఆ రోజు ప్యాకీ టోలండ్ తన సొంత పాట ఎత్తుకున్నాడు. సొంత పాట అంటే, ఈ చుట్టుపక్కల ఎవరి పాట వారిదే. ప్యాకీ ఉన్న గదిలో ఆ పాట ఇంకొకరు పాడరు. అది పెద్ద పడవ మునిగిన పాట. ప్యాకీ వాళ్ళ నాయనమ్మ, తన పెద్దకొడుకు పోయిన చలికాలంలో కట్టింది. పదకొండు చరణాలు. ఎనభై ఏళ్ళ ప్యాకీకి ఆరు చరణాలు నల్లేరు మీద నడక. ఏడో చరణం సగంలో ఎప్పుడూ ఆగుతాడు:

*తెల్లవారి తలుపు తీసి తల్లి చూసె వాకిలి...*

బొటనవేలు మోకాలి మీదికి వెళ్ళింది. అతను సేడీ వైపు చూశాడు. సేడీ పెదవులు కదిలాయి. నలభై ఏళ్ళ నమ్మకంతో ప్యాకీ కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, గొంతు నిండా పాడాడు:

*సారా తొట్టెలో తేలుచున్నాడు సుంకమయ్య బొజ్జతో.*

అది వేరే పాట. సుంకాల అధికారి మీద దొంగసారా కాసేవాళ్ళ వేళాకోళం పాట. రెండింటిదీ ఒకటే వరుస, ఒకటే నడక. ఏడో చరణం మొదటి పంక్తి కూడా ఒకటే. ఈ ప్రాంతంలో పాటకు పాట అరువిచ్చుకోవడం మామూలే. ఆ రెండు పాటలూ సేడీ బుర్రలో యాభై ఏళ్ళుగా పక్కపక్క గదుల్లో కాపురముంటున్నాయి. ఎన్నడూ తలుపు తెరుచుకోలేదు. ఆ రోజు తెరుచుకుంది.

వెనక బెంచీ మీద ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే ఆపుకోగలరు గాని ఇద్దరు నవ్వితే ఆపుకోలేరు. గది గదంతా నవ్వింది. ప్యాకీ కళ్ళు తెరిచాడు. పాడినదేమిటో అప్పుడర్థమైంది. మిగతా చరణాలు పాడలేదు. టోపీ తీసుకుని తలకు పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచాడు. సేడీ "ఒక్క గొంతు" అనలేకపోయింది. ఆ గదిలో ఆమెకు మాట కరువవడం అదే మొదలు.

మర్నాడు సోడా రొట్టె చేసుకుని ప్యాకీ ఇంటికి వెళ్ళింది. అతను గుమ్మంలోనే నిలబడి రొట్టె అందుకున్నాడు.

"గాలి ఉత్తరానికి తిరిగింది," అన్నాడు.

"తిరిగింది. ప్యాకీ, నిన్న నేను..."

"రాత్రికి వాన పడొచ్చు," అని తలుపు వేసుకున్నాడు.

ప్యాకీ కూటానికి డిసెంబరులో రాలేదు, జనవరిలో రాలేదు. ఫిబ్రవరిలో వచ్చి, తలుపు దగ్గర స్టూలు మీద, నెత్తిన టోపీతోనే కూర్చున్నాడు. టోపీ తీయలేదంటే పాడనని అర్థం. అతన్ని ఎవరూ పాడమని పిలవలేదు.

ఆ వారమే బార్నీ గిలెన్ సేడీ వంటింటికి వచ్చాడు. పాటల కూటానికి అతను కార్యదర్శి. వృత్తి పశువుల డాక్టరు, కాబట్టి చెడ్డవార్త చెప్పేముందు వీపు నిమిరే అలవాటుంది. టీ రెండు కప్పులు తాగాడు. ఆమె చేసిన రొట్టెను పొగిడాడు. కాన్‌ను తలుచుకున్నాడు.

"బార్నీ, ఆవు చచ్చిందా బతికిందా చెప్పు," అంది సేడీ.

"అది కాదు సేడీ. మా మేనకోడలు ఒక టాబ్లెట్ ఇచ్చింది. దాంట్లో పాటలన్నీ ఎక్కించొచ్చు. పెద్ద అక్షరాలు. పొయ్యి పక్కన స్టాండు మీద పెట్టామనుకో, పాడేవాళ్ళు మరిచిపోతే అటు చూసుకుంటారు. నీకూ విశ్రాంతి."

"పొయ్యి పక్కనంటే ఏ పక్కన?"

బార్నీ కప్పులోకి చూశాడు. "ఎడమ పక్కన. ప్లగ్గు అక్కడే ఉంది."

"కాగితం చూడకూడదన్నది మొదటి రోజు మనం పెట్టుకున్న నియమం."

"ఇది కాగితం కాదు గదా."

"అవును, పంది మాంసం కాదు గదా అని, మాంసం ముట్టకూడని శుక్రవారం నాడు మా నాన్న కోడిని తిన్నట్టుంది."

బార్నీ నవ్వాడు, కాని మాట వెనక్కి తీసుకోలేదు. "జనం అనుకుంటున్నారు సేడీ. నేను అనుకోవట్లేదు. జనం."

"ఏమని?"

"బస్సులో నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావని."

సేడీ లేచి కప్పులు తీసింది. తర్వాత, "ఏప్రిల్ కూటం దాకా ఆగు," అంది. "అప్పటికీ నావల్ల కాదనిపిస్తే, నేనే ప్లగ్గు పెడతాను."

బార్నీ వెళ్ళాక ఆమె భయపడింది. ప్యాకీ ఇంటి తలుపు ముందు నిలబడినప్పుడు కలిగింది సిగ్గు, ఇది భయం. బస్సులో పెదవులు కదిపే మాట నిజమే. యాభై ఏళ్ళుగా కదుపుతోంది. రోజుకు పది పాటలు తిరగేసుకోకపోతే తుప్పు పడతాయి. అదిన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు కనపడుతోందంటే, చూసే కళ్ళు మారాయన్నమాట. లేక తనే మారిందా? పాత పాటలు ఎన్ని అప్పజెప్పుకున్నా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. పాతవి ఎలాగూ ఉంటాయి. బుర్ర ఇంకా పనిచేస్తోందా లేదా తేలాలంటే, కొత్తది ఒకటి లోపలికి వెళ్ళాలి. సులువుది కాదు, కష్టమైంది.

కష్టమైనది వెతుక్కోనక్కర్లేకుండా దొరికింది. పొద్దున ఏడూ పది బస్సు నడిపే బ్రోనా మెకోల్గన్ ర్యాప్ పాటలు కడుతుంది. ముప్పై ఏళ్ళ మనిషి, చెవికి నాలుగు పోగులు, ఎంత ఇరుకు మలుపులోనైనా ఒంటిచేత్తో బండి తిప్పుతుంది. ఆమె కట్టిన బస్సు పాట ఆ చలికాలం జిల్లా రేడియోలో మోగుతోంది. రొట్టెల దుకాణంలో అమ్మాయి సేడీతో, "అందులో మీరు కూడా ఉన్నారు, విన్నారా?" అంది. సేడీ వినలేదు. ఇంటికెళ్ళి, కాన్ అక్క మనవరాలు ఫోనులో పెట్టి ఇచ్చిపోతే, బంగాళాదుంపలు ఒలుస్తూ విన్నది.

మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. వడగళ్ళు పడ్డట్టు పడ్డాయి మాటలు. రెండోసారికి గ్లెనీలీ మలుపు దొరికింది:

*ఏడూ పది బండి నాది, ఎక్కేవాళ్ళు ఎక్కండి,*
*నిద్ర చాలనోళ్ళంతా వెనక సీట్లు పట్టండి,*
*గ్లెనీలీ మలుపులోన గొర్రెలకే పెద్దపీట,*
*హారన్ కొడితే కదలవవి, వాటికిది తాతల బాట.*

ఐదోసారికి తనూ దొరికింది.

*ముందు సీటు ముసలమ్మ మాటలేవో నములుతుంది,*
*చప్పుడేమొ రాదుగాని చాలా దూరం నడుస్తుంది.*

సేడీ చాకు కింద పెట్టింది. ముందు ఒళ్ళు మండింది. తర్వాత రెండో పంక్తి మళ్ళీ విన్నది. చాలా దూరం నడుస్తుంది. కూర్చుని ఉన్న మనిషిని నడుస్తుందని ఎందుకంది? ఈ పిల్ల వెక్కిరించలేదు, చూసింది. అద్దంలోంచి ప్రయాణికులను చూసే చూపు, కుర్చీలోంచి పాటగాళ్ళను చూసే చూపు ఒకే జాతివి.

నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఇందులో చరణాలు మోసుకెళ్ళే రాగం లేదు. పాత పాటల్లో రాగమే తాడు; పట్టుకుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఇక్కడ తాడు లేదు, మెట్లున్నాయి. మిషను గుర్తొచ్చింది ఆమెకు. కాలరు మడతకు పన్నెండు కుట్లు, ఆగు, తిప్పు, మళ్ళీ పన్నెండు. కాలితో నేల మీద తొక్కుతూ, మిషను తొక్కినట్టే, మాట వెంట మాట కుట్టింది. మూడు వారాలు పట్టింది. పాట చివరిదాకా ఒక్క కుట్టు తప్పకుండా వచ్చిన పూట, ఎవరూ లేని వంటింట్లో లేచి నిలబడి ఇంకో కప్పు టీ పోసుకుంది.

మర్నాడు బస్సెక్కుతూ, "నీ పాటలో తప్పుంది," అంది.

బ్రోనా గతుక్కుమంది. "మిమ్మల్ని పెట్టినందుకు కోపమొచ్చిందా? తీసేస్తాను."

"నన్ను తీస్తే ఊరుకోను. పాలకేంద్రం తర్వాత చర్చి వస్తుంది దారిలో. నువ్వు చర్చి ముందు పెట్టావు."

"ప్రాస కోసమండీ."

"ప్రాస కోసం దేవుణ్ణి అరమైలు జరిపావా?"

వెనక సీట్లలో నవ్వారు. బ్రోనా అద్దంలోంచి చూసింది. "మొత్తం వచ్చా మీకు?"

"వచ్చు."

"నాకే రాదు సరిగ్గా. చెవిలో సంగీతం కొడుతుంటే తప్ప నిలబడదు."

"ఏప్రిల్ ఆదివారం మెక్‌డెయిడ్‌కి రా. అక్కడ సంగీతముండదు. అక్కడ నిలబడితే ఎక్కడైనా నిలబడుతుంది."

ఆ ఆదివారం గది నిండింది. పొయ్యి ఎడమ పక్కన సేడీ కుర్చీ ఉంది. కుర్చీ వెనక, గోడకు ఆనించి, మడిచిన స్టాండు కూడా ఉంది. బార్నీ ఒళ్ళో టాబ్లెట్. ప్యాకీ తలుపు దగ్గర స్టూలు మీద, టోపీతో. నాలుగు పాటలయ్యాయి. ఎవరూ మాట మరవలేదు. సేడీకి ఇంతకంటె ఇబ్బంది ఇంకొకటి లేదు.

ఐదో పాట బ్రోనాది. ఆమె లేచి నిలబడి, ఇది బస్సు పాట అనగానే, బార్నీ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయి మీద నాకేం కోపం లేదు. కాని ఇది పాటల కూటం. అది... మాట్లాడటం కదా."

సేడీ పొయ్యి వైపు నుంచి తల తిప్పకుండా అడిగింది. "బ్రోనా, చేతిలో కాగితముందా?"

"లేదండీ."

"వాయిద్యం?"

"లేదు."

"ఎన్ని గొంతులు?"

"ఒక్కటే."

"నియమాలు మూడే బార్నీ. నువ్వే రాశావు."

"రాగం లేదు గదా సేడీ."

"నీకు మాత్రం ఎప్పుడుంది?"

గది ఘొల్లుమంది. బార్నీ కూడా నవ్వాడు. నవ్వకపోతే మరీ బాగుండదు. సేడీ "ఒక్క గొంతు" అంది. నవంబరు తర్వాత ఆ రెండు ముక్కలూ ఆమె నోట తడబడకుండా రావడం అదే మొదటిసారి.

బ్రోనా మొదలుపెట్టింది. మొదట్లో ముసలివాళ్ళు బల్ల మీది గ్లాసులనే చూస్తూ కూర్చున్నారు. గొర్రెల దగ్గరకు రాగానే ఎవరో ముసిముసిగా నవ్వారు. పాలకేంద్రం మాజీ గుమాస్తా తన పేరు వినపడగానే నిటారుగా కూర్చున్నాడు. ఊళ్ళ పేర్లు వరసగా దొర్లుతుంటే గదిలో తలలు ఊగడం మొదలైంది. పేరు పెట్టి పిలిస్తే ఏ ఊరైనా పలుకుతుంది. సేడీ తలలను చూడటం లేదు. బ్రోనా కుడిచేతిని చూస్తోంది. వేళ్ళు తొడ మీద తాళం వేస్తున్నాయి. పాట సరిహద్దు ఊరు మఫ్ దగ్గరకు వచ్చేసరికి చూపుడువేలు ఒక్కటే లయ తప్పింది. మనిషికి ఇంకా తెలియదు. వేలికి తెలిసింది.

*మఫ్ దాటితే మారిపోతది మైలురాయి లెక్క...*

ఇక్కడ ఆగే వీలు లేదు. పాత పాటలో ఊపిరి తీసుకున్నట్టు నటించొచ్చు. ఇది పరుగులో ఉన్న బండి. బ్రోనా కళ్ళు గోడ మీద, కిటికీ మీద వెతికి, కుర్చీ మీదికి వచ్చాయి. వచ్చేసరికే మాట అక్కడుంది. సేడీ కాలు నేల మీద ఒక్కసారి తొక్కింది, పెదవులు తెరుచుకున్నాయి, సరిగ్గా దెబ్బ పడే చోట.

*కిలోమీటరు నిద్రపోయి మైలు లేచె పక్క!*

బండి కుదుపు లేకుండా ముందుకు పోయింది. గదిలో సగం మందికి ఏం జరిగిందో తెలియలేదు. మిగతా సగం మందికి తెలిసింది. సరిహద్దు అవతల, కిలోమీటర్లు కాక మైళ్ళు లెక్కపెట్టే దేశంలో, పనులు చేసి వచ్చేవాళ్ళు ఆ పంక్తికి బల్లలు చరుస్తుండగా, బార్నీ మాత్రం కుర్చీ వైపు నోరు కొంచెం తెరుచుకుని చూస్తున్నాడు. డెబ్బై రెండేళ్ళ సేడీ దగ్గర ఆ పాట ఉంటుందని అతనికి కలలో కూడా తోచలేదు.

పాట ముగిసింది. "శభాష్ పిల్లా," అన్నారు గొర్రెలవాళ్ళు. కూటం ఆచారం ప్రకారం, పాడినవాళ్ళకే తర్వాతి పాటగాణ్ణి పిలిచే హక్కు. పిలిస్తే కాదనడానికి లేదు. బ్రోనా చుట్టూ చూసింది. ఆ గదిలో ఆమెకు బాగా తెలిసిన మొహాలు తక్కువ. గురువారం గురువారం బస్సెక్కి, వెనక్కి తిరిగిచ్చే చిల్లరకు కూడా ధన్యవాదాలు చెప్పే పెద్దాయన ఒకాయన తలుపు దగ్గర కనిపించాడు. నవంబరు సంగతి ఆమెకు తెలియదు. టోపీ అర్థం కూడా తెలియదు.

"ప్యాకీ టోలండ్," అని పిలిచింది.

గది బిగుసుకుపోయింది. ఈసారి ఎవరూ నిశ్శబ్దం చేయనక్కర్లేకపోయింది. ప్యాకీ కదలలేదు. పొయ్యిలో బొగ్గు ఒకటి పగిలింది. అప్పుడతను నెమ్మదిగా టోపీ తీసి, దులిపి, మోకాలికి తగిలించాడు.

తన పాటే ఎత్తుకున్నాడు. అతనికి ఇంకో పాట లేదు. చలికాలం, పెద్ద పడవ, ఐదుగురు మనుషులు, కొండ మీద దీపం పట్టుకున్న తల్లి. గొంతు కొంచెం తుప్పు పట్టింది, కాని చరణాలు ఒకదాని వెనక ఒకటి వలలోంచి తీసినట్టు తడిగా వచ్చాయి. నాలుగు. ఐదు. ఆరు. సేడీ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆమె బుర్రలో రెండు గదులూ పక్కపక్కనే ఉన్నాయి.

*తెల్లవారి తలుపు తీసి తల్లి చూసె వాకిలి...*

ప్యాకీ ఆగాడు.

బార్నీ టాబ్లెట్ మీదికి వంగాడు. తెర మీద వెలుగొచ్చింది. ప్యాకీ అటు చూడలేదు. గది ఈ మూల నుంచి ఆ మూలకు, అందరి తలల మీదుగా, సేడీ మొహంలోకి చూశాడు. నవంబరు తర్వాత అతను ఆమెను తిన్నగా చూడటం ఇదే మొదలు. సేడీ అతని చెయ్యి చూసింది. అలవాటు కొద్దీ చూసింది. బొటనవేలు టోపీ అంచు మీద కదలకుండా ఉంది. మోకాలు రుద్దుకోవడం లేదు.

అతనికి మాట గుర్తుంది.

ఆమెకు ఒక్క క్షణం కళ్ళు చెమ్మగిల్లాయి. కాని పెదవులకు చెమ్మ అంటనివ్వలేదు. ఎనిమిదేళ్ళప్పుడు బిషప్పు ముందు కదిపినంత స్పష్టంగా, కాలర్ల గది ఆ చివరకు కనపడేంత స్పష్టంగా కదిపింది. ప్యాకీ తల ఆడించి, కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి పాడాడు:

*తడిసిపోయిన టోపి తప్ప దాన్ని పెట్టిన తల లేదు.*

పదకొండు చరణాలూ అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పాటకు కొట్టరు. కాసేపయ్యాక బార్నీ తెర ఆర్పి, స్టాండు తీసుకెళ్ళి గొడుగుల పక్కన పెట్టి వచ్చాడు.

సాయంత్రం వెలుగుండగానే కూటం ముగిసింది. రోడ్డు మీద సేడీ ప్యాకీని అందుకుంది. ఇద్దరూ పక్కపక్కన నడిచారు.

"నీకు గుర్తుంది కదా, అక్కడ?" అంది సేడీ.

"ఉంది."

"మరెందుకాగావు?"

"నలభై ఏళ్ళుగా అక్కడే ఆగుతున్నాను," అన్నాడు ప్యాకీ. "ఇప్పుడు మానుకోమంటావా ఏం?"

కొంచెం దూరం పోయాక మళ్ళీ అన్నాడు. "ఆ రొట్టె బాగుంది. నవంబరుది."

"ఐదు నెలలయింది, ఇప్పుడా చెప్పడం?"

"వాన పడుతుందనుకున్నాను ఆ రోజు. పడలేదు."

ఇంటికి తిరిగే మలుపు దగ్గర విడిపోయారు. సోమవారం పొద్దున సేడీ ఏడూ పది బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. పెదవులు కదులుతూనే ఉన్నాయి. దాచుకోలేదు. పాలకేంద్రం దాటి, చర్చి దాటి, అద్దంలోంచి బ్రోనా చూసి అడిగింది, "ఎక్కడిదాకా వచ్చారు?"

సేడీ వేలు పైకెత్తింది, ఆగు అన్నట్టు. చరణం మధ్యలో ఉంది.